నాలుగూ పదికి వెళ్ళిన ఆఖరి పడవ

నా పేరు క్రెసెంజ్ ఆషావర్. ఊళ్ళో అందరూ సెంజీ అంటారు. వయసు అరవై రెండు. జింకతోలు లాగులు కుట్టడం, వాటి మీద పువ్వులు కుట్టడం నా వృత్తి. సరస్సు ఇటు రేవుకి దగ్గర్లో, చర్చి వెనక ఇల్లు. మా ఊరి నడక సంఘానికి పంతొమ్మిదేళ్ళుగా నేనే పెద్దని. మా తమ్ముడి భార్య ఫ్రౌకే గురువారం ఎలా చనిపోయిందో చెప్పమని పిలిచారు, వచ్చాను. ఇది రాసుకుంటున్న పోలీసు సెప్పీకి మొదటి లాగు కుట్టింది నేనే. అది రాయక్కర్లేదన్నాను, అదీ రాశాడు.

ఫ్రౌకేది ఉత్తరాన సముద్రం ఒడ్డు. ముప్పై ఏళ్ళ కిందట మా కోర్బీనియన్ కట్టుకుని తీసుకొచ్చాడు. వాడు మొన్న మార్చిలో పోయాడు. ఇక ఈవిడ పుట్టింటికి పోతుందనుకున్నాను, పోలేదు. నేనామెని "చేపల దొరసానీ" అని పిలిచేదాన్ని. నవ్వేది. అదే నాకు ఒళ్ళు మంట. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఒక్కసారైనా నన్ను చూసి భయపడాలా వద్దా?

ఏటా అక్టోబరు రెండో వారం సంఘం వాళ్ళం సరస్సు చుట్టుపక్కల తిరుగుతాం. ఈసారి పన్నెండుమందిమి, అందరం ఆడవాళ్ళమే. సోమవారం తూర్పు గట్టున నడక. ఎనిమిదింటికి రమ్మని చెప్పి నేను ఎనిమిదీ పదికి వచ్చాను. ఫ్రౌకే ఏడూ ముప్పావు నుంచీ నిలబడి ఉంది. "మీ ఊళ్ళో గడియారం ముల్లు ఆవులు తిప్పుతాయా వదినా?" అంది. అందరూ ఇకఇకలు. మంగళవారం వాన, అయినా అడవిలో పుట్టగొడుగులు ఏరాం. ఆమె బుట్టే ముందు నిండింది.

బుధవారం ఆవుల్ని కొండ దింపే తోవన ఎక్కాం. పన్నెండున్నరకి రొట్టె, చీజు తింటుంటే బుర్గీ నోరు విప్పింది. బుర్గీ నా చిన్నప్పటి స్నేహితురాలు. "వచ్చే ఏడు ఫ్రౌకేని పెద్దగా పెడదామే సెంజీ. టైముకి వస్తుంది" అంది. మిగతా తొమ్మిదిమందీ చెయ్యెత్తారు. ఫ్రౌకే మాత్రం ఎత్తలేదు. "వదిన ఉండగా నేనెందుకు?" అంది. నా మీద జాలిపడింది. చెంప ఛెళ్ళుమనిపించినా అంత మండేది కాదు.

గురువారం పదకొండూ ఇరవైకి అటు రేవులో దిగాం. అక్కడ రోడ్డు లేదు, ఇళ్ళు లేవు, ఫోను పలకదు. రెండు పక్కలా కొండ నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగుతుంది. పడవే దిక్కు. మేం ఒడ్డున పచ్చికలో కూర్చుంటామన్నాం. ఫ్రౌకే జలపాతం దాకా ఎక్కుతానంది. మిగతావాళ్ళు పచ్చిక వైపు నడిచాక నన్నడిగింది.

"ఆఖరి పడవ ఎన్నింటికి వదినా?"

"ఐదూ నలభైకి. నీ ఇష్టమొచ్చినంత సేపు చూసి రా దొరసానీ."

పెన్సిలుతో చిన్న పుస్తకంలో రాసుకుంది. ఐదూ నలభై బుధవారం దాకా ఉన్న వేళ. గురువారం నుంచి చలికాలపు వేళలు, ఆఖరి పడవ నాలుగూ పదికే. ఆ కొత్త వేళల కాగితం సంఘం పెద్దనని నాకే వచ్చింది. నా కోటు జేబులోనే ఉంది. అవును, చదివాను.

రెండు గంటలు చలికి వణికితే పొగరు దిగుతుందనుకున్నాను. ఇటు రేవుకి రాగానే చెప్పి పడవ పంపిద్దామనుకున్నాను. ఇది నిజం, రాసుకో. పడవెక్కేటప్పుడు ఫ్రౌకే ఏదని బుర్గీ అడిగింది. మీరు కునుకు తీస్తుంటే తలనొప్పని మూడింటి పడవలో వెళ్ళిపోయిందన్నాను.

నాలుగూ యాభై ఐదుకి ఇటు రేవు చేరాం. కాఫీ హోటల్లో కూర్చున్నాం. ఐదింటికి చెబుదామనుకున్నాను. ఇంకో పావుగంట అనుకున్నాను. ఐదుంబావుకి కేకు వచ్చింది. ఇంకో పావుగంట అనుకున్నాను. ఐదున్నరకి బుర్గీ ఒక ముక్క కాగితంలో చుట్టి, "పాపం, తలనొప్పి మనిషి, పోతూ పోతూ ఇచ్చెయ్" అని నా చేతిలో పెట్టింది. అప్పుడు నోరు విప్పితే అందరి ముందూ నా పరువేం కాను? ఇంటికి వెళ్ళాను. ఆ ముక్క ఇంకా మా వంటింట్లోనే ఉంది.

శుక్రవారం పొద్దున ఏడూ ఇరవైకి చేపలు పట్టేవాళ్ళు చూశారట. అటు రేవుకి మూడొందల అడుగుల దూరాన, బండ కింద నీళ్ళలో. గట్టంట నడిచి వచ్చేద్దామనుకుందేమో. అక్కడ మేకలే నడవవు. ముప్పై ఏళ్ళున్నా ఆ మాత్రం తెలియలేదు.

ఇక్కడ సెప్పీ, పడవ నడిపే లెన్జ్ ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు. కాబట్టి మిగిలింది కూడా చెబుతున్నాను.

నాలుగూ పదికి పడవ కదిలింది. మా పడవలు కరెంటువి, చప్పుడుండదు. రేవు దాటిన కాసేపటికే కొండగోడ దగ్గర ఆపి బాకా ఊదడం, కొండ తిరిగి పలకడం ప్రతి పడవకీ మామూలే. లెన్జ్ ఊదాడు. కొండ పలికింది. చప్పట్లు కొట్టాం. అవి ఆగాక రేవు వైపు నుంచి ఒక కేక వచ్చింది.

"ఎవరన్నా ఉండిపోయారా సెంజీ?" అన్నాడు లెన్జ్.

"ఎవరూ లేరు. నీ పాట కొండకి నచ్చినట్టుంది, ఇంకా పాడుతోంది" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. లెన్జ్ కూడా నవ్వి పడవ కదిలించాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పనేముంది?

ఆ కేక ఏమిటని సెప్పీ మూడుసార్లు అడిగాడు. వాళ్ళకి అది ఒట్టి కేకే. నాకు మాట వినబడింది. "వదినా" అని, రెండుసార్లు. ఊళ్ళో నన్నలా పిలిచేది ఆమె ఒక్కతే.

పైదంతా నాకు చదివి వినిపించారు. "వేళాకోళానికి చేశాను" అని ఒక చోట చేర్చమన్నాను, తర్వాత నేనే కొట్టేయించాను. మిగిలిందంతా నా నోటితో నేను చెప్పిందే, ఎవరూ బలవంతపెట్టలేదు, అబద్ధం లేదు.

(సంతకం) క్రెసెంజ్ ఆషావర్
శనివారం, పగలు పదకొండూ నలభై