కుర్చీలో మనిషి ఉండగా ఎవరూ మాట్లాడకూడదు

1988 జూన్ ఆరో తేదీ సోమవారం ఉదయం, పది గంటలకు ఇంకా ఐదు నిమిషాలు ఉందనగా, ధ్రువపత్రాల శాఖ ప్రధాన కార్యాలయంలోని టైపు విభాగంలో ఇరవై రెండేళ్ళ యువతి ఒకరు టైపిస్టుగా విధుల్లో చేరారు. ఆ రోజు ఆమెకు కేటాయించిన యంత్రంలో ఒక అక్షరం పడేది కాదు. మెకానిక్కు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఇష్టం లేక, ఆ అక్షరం రావలసిన చోటల్లా ఖాళీ వదిలి టైపు చేసి, సాయంత్రం కలంతో పూరించి, ముప్ఫై ఒక్క కాగితాలనూ విభాగాధికారి బల్ల మీద పెట్టారు. ఆయన తిరగేసి, "బాగానే ఉందమ్మా" అన్నారు. ఆమె అందులోంచి ఒక కాగితం వెనక్కి లాక్కుని, "దీన్ని మళ్ళీ కొడతానండీ, చివరి వరస వంకరగా వచ్చింది" అన్నారట. ఈ కార్యాలయంలో ఆమె నోట వినబడిన మొదటి "మళ్ళీ" అదేనని అప్పటివారు చెబుతారు.

ఆ తర్వాతి ముప్ఫై ఏడేళ్ళ తొమ్మిది నెలల్లో ఆ మాట ఎన్ని వేలసార్లు వినబడిందో చెప్పగలవారు లేరు. కానీ ఆ మాటే ఆమెకు పేరైంది. "మళ్ళీ మేడమ్" అని ముఖం మీద పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయినా, వెనక అలాగే పిలుస్తామని ఆమెకు తెలియని రోజు లేదు.

1994లో టైపు శిక్షకురాలిగా పదోన్నతి పొందారు. 1999లో మా కార్యాలయానికి తొలి కంప్యూటర్లు వచ్చినప్పుడు, వాటిని పెట్టెల్లోంచి తీయడానికే సిబ్బంది సంకోచిస్తున్న రోజుల్లో, మూడు నెలలు శిక్షణ పొంది వచ్చి, తనకన్నా పదిహేనేళ్ళు పెద్దవారైన గుమాస్తాలకు మౌస్ పట్టుకోవడం నేర్పారు. 2007లో శాఖ వీడియో పాఠాల విభాగాన్ని ప్రారంభించి, దాని బాధ్యతను ఆమెకు అప్పగించింది. విభాగమంటే ఏదో అనుకునేరు. మూడో అంతస్తులో అంతకుముందు స్టేషనరీ నిల్వ చేసిన గది, బయటి చప్పుడు రాకుండా గోడలకు వేలాడదీసిన పాత కంబళ్ళు, బల్ల మీద కంప్యూటరు, మీటల మీద ఆడే చేతుల్ని పైనుంచి చిత్రీకరించే కెమెరా ఒకటి. రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాను ఆపాలి. పక్కనే లిఫ్టు కాబట్టి అది కదలనప్పుడే గొంతు విప్పాలి. చెమటలు కక్కుతూ, లిఫ్టు కోసం చెవులు రిక్కించి, ఆ గదిలో ఆమె నాలుగు వందల పన్నెండు పాఠాలు చేశారు.

ఆ పాఠాల వెనక ఆమె ప్రవేశపెట్టిన పద్ధతి ఒకటుంది. పాఠం పూర్తయ్యాక దాన్ని నేరుగా శాఖా కార్యాలయాలకు పంపరు. ఆ విషయం ఏమాత్రం తెలియని వ్యక్తిని పిలిచి, కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, వీడియో చూస్తూ ఆ పని చేయమంటారు. వాచ్‌మన్ కావచ్చు, క్యాంటీన్ మేనేజరు కావచ్చు, ఏదో పనిమీద వచ్చి వరండాలో నిలబడ్డ పెద్దమనిషి కావచ్చు. అతను చివరిదాకా చేయగలిగితే పాఠం పాసు, ఎక్కడైనా ఆగితే పాఠం ఫెయిలు. కుర్చీలో మనిషి ఉండగా గదిలో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కనుసైగ చేయకూడదు. ఒకసారి సాక్షాత్తు డైరెక్టరు గారే, కుర్చీలోని వ్యక్తి అవస్థ చూడలేక, "కుడివైపు, కుడివైపు" అన్నారు. ఆమె ఆయనను వరండాలోకి పంపి తలుపు వేశారు.

ఇక 2014 సంగతి. ధ్రువపత్రాల్లో తప్పులు సవరించే పనిని ఆ ఏడు పూర్తిగా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. కౌంటర్లలో పనిచేసే గుమాస్తాలందరికీ పరీక్ష పెట్టారు. రెండుసార్లు పెట్టినా యాభై ముగ్గురు గట్టెక్కలేదు. మూడోసారి కూడా తప్పితే వారిని కౌంటరు నుంచి తప్పించి, నేలమాళిగలోని పాత రికార్డుల గదికి పంపాలని ఉత్తర్వు వచ్చింది. పాతికేళ్ళుగా మనుషుల మధ్య పనిచేసినవారు ఇక కట్టల మధ్య కూర్చోవాలన్నమాట. వారికి పనికివచ్చే పాఠాన్ని మూడు వారాల్లో తయారుచేయమని ఆమెకు ఆదేశం అందింది. ఆ యాభై ముగ్గురిలో ఒకరు, రెండు వీధుల అవతలి శాఖా కార్యాలయంలో మూడో నంబరు కౌంటరులో కూర్చునే ఆమె భర్త. ఆ సంగతి ఆమె మాతో అనలేదు. జాబితా చదివినప్పుడు అందరికీ తెలిసింది.

ఇంట్లో నేర్పవచ్చు కదా అని మీరనవచ్చు. ఆమె ప్రయత్నించకపోలేదు. "ఆఫీసులో చెప్పింది చాలక ఇంట్లో కూడా క్లాసా?" అని ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఒక ఆదివారం మాత్రం వారి అమ్మాయి వచ్చి, "అమ్మా, నాన్న వంటింట్లో తలుపేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని నీ వీడియోలు చూస్తున్నారే. నీకు చెప్పొద్దన్నారు" అని చెప్పిందట. ఆ మాట విన్నాక తనకు ఆ పూట అన్నం సహించలేదని ఆమె చాలాకాలం తర్వాత మాతో అన్నారు.

పాఠం తయారైంది. కుర్చీలో కూర్చున్న మొదటి వ్యక్తి తొమ్మిదో స్టెప్పు దగ్గర ఆగిపోయారు. తేదీ నింపి "సమర్పించు" నొక్కవలసిన చోటది. తేదీలో ఒక్క అంకె తేడా వచ్చినా తెర మీద అడ్డంగా ఎర్ర పట్టీ పడుతుంది. ఆమె మళ్ళీ తీశారు. అక్షరాలు పెద్దవి చేశారు. రెండో వ్యక్తీ అక్కడే ఆగారు. "తేదీ జాగ్రత్తగా కొట్టండి" అన్న వాక్యం చేర్చారు. మూడో వ్యక్తి ఆగాక ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పారు. బాణం గుర్తు పెట్టారు, గొంతు నిదానం చేశారు. ఆరుగురు కూర్చున్నారు, ఆరుగురూ ఎర్ర పట్టీ చూసి బిక్కచచ్చిపోయి లేచారు. రెండు వారాలు గడిచిపోయాయి. కార్యాలయంలో ఈ పాఠం సంగతి తెలియని మనిషి ఇక మిగల్లేదు.

అప్పుడు మా కెమెరామన్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీరేమీ అనుకోనంటే ఒక మాట. సార్‌ని పిలుద్దామా?"

"మావారినా? నేనున్న గదిలో ఆయన కంప్యూటరు ముట్టుకోరు."

"అడిగి చూడండి మేడమ్. కుర్చీకి మనిషి కావాలి, ఆయనకి పరీక్ష పాసవ్వాలి."

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన సంభాషణను ఇద్దరూ వేర్వేరుగా ఒకేలా చెప్పారు కనుక నిజమే అయివుండాలి.

"ఏమండీ, రేపు మా గదిలో కుర్చీ ఖాళీగా ఉంది."

పేపరు కొంచెం కిందికి దిగింది. "ఎవరూ మాట్లాడరుగా?"

"మా రూలు మీకు తెలిసిందేగా."

"నువ్వు కూడా?"

"నేను కూడా."

మరునాడు భోజన విరామంలో ఆయన వచ్చారు. ఎనిమిది స్టెప్పులు చక్కగా దాటారు. తొమ్మిదో దాంట్లో ఒక అంకె తప్పింది, ఎర్ర పట్టీ పడింది. ఆయన మెల్లగా రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాలుగు నిమిషాలు అలాగే కూర్చున్నారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఆమెకు ఏం నొక్కాలో తెలుసు, అది ఎక్కడుందో తెలుసు, నోరు విప్పితే క్షణంలో పని. రెండు పరీక్షల్లోనూ తన భర్త ఇలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారని ఆమెకు అప్పుడు అర్థమైంది. కళ్ళు తుడుచుకున్నారు కానీ పెదవి కదపలేదు.

ఆయనే, తల తిప్పకుండా, అన్నారు. "నీ పాఠంలో ఏ లోపమూ లేదు. అదే నా ఇబ్బంది."

"అంటే?" రూలు పెట్టిన మనిషే రూలు తప్పారు.

"నీ చెయ్యి ఎప్పుడూ సరైన చోటికే వెళ్తుంది. నా చెయ్యి అలా వెళ్ళదు. వెళ్ళనప్పుడు ఏం చెయ్యాలో నీ వీడియోలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. జాగ్రత్తగా కొట్టండి, జాగ్రత్తగా కొట్టండి అంటావు. జాగ్రత్తగానే కొట్టాను. తప్పు పడింది. ఇప్పుడేం చెయ్యను?"

ఏడేళ్ళుగా తప్పు జరగకుండా చూడటమే పాఠం అనుకున్నాం. జరిగాక తిరిగి రావడమెలాగో చూపాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమె వెంటనే ఆయన్ను లేపి, తానే కుర్చీలో కూర్చుని, కావాలని తప్పు చేస్తూ ఆ భాగం తీయించడం మొదలుపెట్టారు. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. తప్పు అంకె ముందు ఆమె వేలు క్షణంపాటు ఆగేది, లేదా అలవాటు కొద్దీ ఒప్పు అంకె మీదే పడేది. పదకొండు టేకులయ్యాయి. చివరికి కెమెరామన్ ధైర్యం చేసి, "మేడమ్, తప్పు చెయ్యడం మీకు రావట్లేదు" అన్నాడు.

ఆమె భర్త ముందుకు వచ్చారు. "నువ్వు లే. ఆ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే నా ముఖం కనబడకూడదు."

చేతులు ఆయనవి, గొంతు ఆమెది. మామూలుగా గొంతును తర్వాత విడిగా రికార్డు చేస్తాం. ఆ రోజు అక్కడికక్కడే పలికించాం. తేదీ తప్పింది, ఎర్ర పట్టీ పడింది, చేతులు మళ్ళీ మీటల మీద నుంచి లేవబోయాయి. అప్పుడు ఆమె, రాసుకున్న కాగితం పక్కన పెట్టి, "ఫరవాలేదు. చేతులు అక్కడే ఉంచండి. కింద ఎడమ పక్కన 'వెనక్కి' అని ఉంది, అది నొక్కండి. మీరు కొట్టిందేదీ పోలేదు" అన్నారు. ఆ నాలుగు వాక్యాల్లో వినిపించింది శిక్షకురాలి గొంతు కాదు. చేతులు అక్కడే ఉన్నాయి. వెనక్కి వెళ్ళి, తేదీ సరిచేసి, ముందుకు సాగాయి.

వీడియో వేసి చూసుకుంటే మొదటి నుంచి చివరిదాకా గుయ్యిమని ఫ్యాను మోత. ఆపడం మరిచిన మనిషి, ఈ వీడ్కోలు వ్యాసం రాస్తున్న మా విభాగం వీడియో ఎడిటరే. ఇన్నేళ్ళ తర్వాత సభాముఖంగా ఒప్పుకుంటున్నాడు. అందరం తలలు వంచుకుని "మళ్ళీ" కోసం ఎదురుచూశాం. ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ఉండనివ్వండి" అన్నారు. ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో ఆ మాట అన్నది ఆ ఒక్కసారే.

మూడో పరీక్షలో నలభై తొమ్మిది మంది ఉత్తీర్ణులయ్యారు. మిగిలిన నలుగురికీ ఆమె డైరెక్టరు గారి గది ముందు నిలబడి మరో అవకాశం ఇప్పించారు, వారూ గట్టెక్కారు. ఆమె భర్త పరీక్షలో కూడా ఒక తేదీ తప్పు కొట్టి, వెనక్కి వచ్చి, సరిదిద్ది, పాసయ్యారు. 2022లో విరమణ పొందేదాకా మూడో నంబరు కౌంటరు ఆయనదే. ఇక ముఖం దాచిన సంగతి అంటారా? గడియారాన్ని మణికట్టు లోపలివైపు తిప్పి పెట్టుకునే మనిషి వారి శాఖలో ఆయనొక్కరే. వీడియో వెళ్ళిన మొదటి రోజే కౌంటర్లన్నిటికీ తెలిసిపోయింది. ఆ పాఠం నేటికీ కొత్తగా చేరినవారికి చూపిస్తున్నాం, ఫ్యాను మోతతో సహా. ఆ తర్వాత మా విభాగం చేసిన ప్రతి పాఠంలోనూ ఒక తప్పు, దాన్నుంచి వెనక్కి వచ్చే దారి తప్పనిసరి అయ్యాయి. 2019లో పదోన్నతిపై అధికారికంగా విభాగాధిపతి అయ్యాక ఆమె ఇచ్చిన లిఖితపూర్వక ఆదేశాల్లో మొదటిది కూడా అదే.

గత వారం విశ్రాంత ఉద్యోగుల గుర్తింపు కార్డు కోసం కంప్యూటరులో దరఖాస్తు చేసే విధానం మీద ఒక పాఠం పూర్తిచేశాం. ఆమె ప్రమేయం లేకుండా మేము చేసిన మొదటి పాఠమది. కుర్చీకి మనిషి కావలసి వస్తే, "త్వరలో నాకే కావాలిగా" అంటూ ఆమే కూర్చున్నారు. సొరుగులోని సామాను ఇంటికి చేరవేయడానికి వచ్చిన ఆమె భర్త అట్టపెట్టెతో తలుపు దగ్గర ఆగిపోయారు. మూడు స్టెప్పులు సాగాయి. నాలుగో దాంట్లో విరమణ తేదీ నింపాలి. ఆమె వేళ్ళు 1988 జూన్ 6 అని కొట్టాయి. ఎర్ర పట్టీ పడింది.

మేమెవరం ఎన్నడూ చూడనిది అప్పుడు చూశాం. మేడమ్ రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఫ్యాను ఆపి ఉంది. లిఫ్టు ఒకసారి పైకి వెళ్ళి, దిగి వచ్చింది.

"ఫరవాలేదు," అన్నారు తలుపు దగ్గర నుంచి ఆయన. "చేతులు అక్కడే ఉంచు."

"కుర్చీలో మనిషి ఉండగా ఎవరూ మాట్లాడకూడదు" అన్నారామె, వెనక్కి తిరగకుండా.

"నేను మీ విభాగం మనిషిని కాదుగా."

ఆమె 'వెనక్కి' నొక్కారు. 2026 మార్చి 31 అని నింపి, చివరిదాకా పూర్తిచేసి లేచారు. కళ్ళద్దాలు తుడుచుకుని, "నాలుగో స్టెప్పులో ఎర్ర పట్టీ చూపించలేదు మీరు. మళ్ళీ తియ్యండి" అన్నారు. మళ్ళీ తీశాం.

మేడమ్, ఇకపై మీ ఇంట్లో మీరు మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపనక్కరలేదు. ఆ గాలి కింద మీరూ, గడియారం లోపలికి తిప్పుకునే ఆ సారూ, చూపు తగ్గకుండా, వేళ్ళు వణకకుండా, పిల్లల ముచ్చట్లు వింటూ చిరకాలం ఆయురారోగ్యాలతో కూర్చోవాలని మూడో అంతస్తు మనస్ఫూర్తిగా కోరుకుంటోంది. మా కుర్చీ ఆ గదిలోనే ఉంటుంది. బుద్ధి పుట్టినప్పుడు వచ్చి కూర్చోండి. మేమెవరం మాట్లాడం.