కేకెయ్యని మంట

సుక్రయ్యని ఒకడున్నాడు, పోడు కొట్టడంలో ఆడిని మించినోడు ఏనుగురాయి కొండమీదే నేడంట. పోడుకని కొండకి మంటెట్టే ముందర మనోళ్ళకి ఓ కట్టుంది గదా, నాలుగు దిక్కులా నిలబడి, మంటెడతన్నాం తప్పుకోండో అని కేకెయ్యాల. ఆకుకెల్లిన ఆడోళ్ళుంటారు, దుంపలకెల్లినోళ్ళుంటారు, పురుగూ పుట్రా ఉంటాది, అన్నీ తప్పుకోవాల. మరి ఆ కట్టు సుక్రయ్యకి తెల్దా? తెల్సు. కుర్రోళ్ళందరికీ నేర్పింది ఆడే అనుకో.

ఏమైందంటే, సంతలో ఓ షావుకారు తగిలి, బొగ్గులెన్ని తెచ్చినా కొంటానన్నాడంట. బొగ్గంటే లావుపాటి సెట్లు కావాల. అలాటియ్యి ఇంక ఊటకాడే మిగిలాయి. ఊరంతా తాగే నీళ్ళు ఆ సెట్ల కిందే ఊరతాయి, వాటిమీద గొడ్డలెయ్యకూడదని ఊరోళ్ళు మాటనుకున్నారు. సుక్రయ్య ఏటాలోసించాడంటే, గొడ్డలేస్తే గదా తప్పు, మంట పాకి కాలిపోతే, కాలిన సెట్టుని బొగ్గు సేసుకుంటే ఎవుడేటంటాడు? అనుకుని, ఎండెక్కాక ఒక్కడే ఎల్లి, ఊటకి కాస్త ఎడంగా ఎండుటాకుల్లో నిప్పెట్టీసినాడు. కేకేస్తే ఊరికి తెలిసిపోద్ది గదా, కేకెయ్యనేదు. ఆడు పుట్టాక అదే మొదలంట.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటన్నాడు. గంజిముంతకి మూతెట్టుంది, దాలమ్మ నేదు. దాలమ్మంటే ఆడి పెళ్ళాం, కడుపుతో ఉంది. పక్కింటి ముసల్దాన్నడిగితే, ఊటకాడికి అడ్డాకులు కొయ్యడానికెల్లిందిరా, ఈ ఎండకి అక్కడైతే సల్లగుంటాదంది, అందంట. ఇంకేటుంది? సెంబు పారీసి కొండకి పరుగెట్టాడు. ఎల్తే ఏముంది, పొగ. పచ్చికొమ్మ ఇరిసి మంటని కొడతాడు, అటు కొడితే ఇటు లెగుస్తాది. ఇప్పుడు కేకలేస్తన్నాడు సూడు, దాలమ్మా తప్పుకోయే, దాలమ్మా తప్పుకోయే అని, గొంతు పోయీదాకా. ముందర ఎయ్యాల్సిన కేక ఎనకేస్తే యినీదెవరు? సేతులు బొబ్బలెక్కాయి. కొండదేవతా, నన్ను తీసుకో, ఆళ్ళిద్దర్నీ ఒగ్గీ అని మొక్కుకున్నాడంట.

ఊటకాడికొచ్చి మంట ఆగిపోనాది. ఆ లావుసెట్ల నీడన నేలెప్పుడూ తడే గదా, అక్కడ ఆకైనా ఎండదు. బయటి వరస సెట్లు కమిలాయి, లోపలికి నిప్పు రానేదు. ఆ మధ్యన, ఊటగుంటలో, తడికోక మొకానికి కప్పుకుని దాలమ్మ కూకునుంది. దగ్గుతోంది, బతికుంది. కడుపులో బిడ్డా మెదుల్తోందంట. సుక్రయ్య దాన్ని పట్టుకుని సిన్నపిల్లోడిలాగ ఏడిసినాడు. అప్పుడదేటందో తెల్సా?

"ఎవుడెట్టాడో గానీ కేకెయ్యనేదు మావా. నువ్వైతే కేకేద్దువు."

ఆడు దాన్ని పట్టుకుని మెల్లగా కొండ దింపినాడు. నిప్పెట్టింది తనేనని తరవాతైనా సెప్పాడో, సెప్పనేదో నాకు తెల్దు. షావుకారు కబురెట్టినా బొగ్గులకి మాత్రం మరెల్లనేదు. అప్పట్నించి సుట్ట ముట్టించాలన్నా నాలుగు దిక్కులా కేకేసి గానీ ముట్టించడంట. సూసినోళ్ళందరూ నవ్వుతారు, ఇదిగో మీరూ నవ్వుతన్నారు గదా. దాలమ్మ ఒక్కతే నవ్వదంట.