నడుమెత్తు తోట

విజయవాడ, మొగల్రాజపురం. లిఫ్టు లేని మూడంతస్తుల మేడ. సాయంత్రం, డాబా మీద ఇద్దరు: పై అంతస్తులో ఒంటరిగా ఉండే హనుమాయమ్మ, కింది వాటాలో ఒంటరిగా ఉండే దాదాపీర్.

“వంగకండి, వంగకండి! అందుకేగా చెల్లెమ్మా ఈ స్టాండ్లు చేయించింది. నిలబడే కొయ్యండి.”

“అలవాటండీ అన్నయ్యగారూ. వంకాయ కనిపిస్తే నడుం దానంతటదే వంగిపోతుంది. అబ్బ, నిజంగానే చేతికందుతున్నాయే!”

“మట్టిలో కొబ్బరి పొట్టు కలిపాను. కుండీ జరపాలన్నా బరువుండదు. ఏదీ, ఆ బొరిగె తీసుకోండి.”

“దీని పిడికి సైకిల్ గ్రిప్పు తొడిగారేంటి?”

“మీ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు కదా. లావుగా ఉంటే పట్టు దొరుకుతుంది. తవ్వండి.”

“మీరు తవ్వండి, నేను చూస్తా.”

“ఇవాళ మీరే తవ్వాలి.”

“బావుంది వరస! బస్సు డిపోలో మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళని కూడా ఇలాగే తిప్పలు పెట్టారా ఏంటి? ఇదిగో, తవ్వాను. చాలా?”

“ఇప్పుడా కుళాయి తిప్పండి. సగమే. ఆఁ... చూశారా, ప్రతి కుండీలోకీ చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఇక బకెట్లు మొయ్యక్కర్లేదు.”

“బకెట్లు నేనెప్పుడు మోశానండీ? రోజూ మోసింది మీరేగా.”

“అవుననుకోండి...”

“అదేంటి, చొక్కా అంతా తడిసిపోయింది? ఇందాకట్నుంచీ ఆ పిట్టగోడ వదల్లేదు మీరు.”

“ఎండ కదా.”

“ఎండెక్కడుంది, పొద్దువాలిపోతే?”

“సరే గానీ, ఈ పైపు కన్నాలు పూడుకుపోతుంటాయి. అప్పుడప్పుడూ పిన్నీసుతో పొడవాలి. మర్చిపోరుగా?”

“మీరున్నారుగా గుర్తు చెయ్యడానికి.”

“చెప్పేది వినండి చెల్లెమ్మా. పిన్నీసు—”

“ఎప్పుడూ లేని పాఠాలు ఇవాళేంటండీ? పోయిన వారమంతా పత్తా లేరు. పనమ్మాయిని అడిగితే మీ తలుపుకి తాళం ఉందంది. అన్ని రోజులూ నేనెవరితో మాట్లాడానో తెలుసా? ఆ బచ్చలి తీగతో. ఏమే, ఎక్కడికెళ్ళారే ఆయన, అని. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.”

“ఆసుపత్రిలో ఉన్నానమ్మా.”

“ఆసుపత్రా! నాకో మాట చెప్పొద్దా! పక్కన ఎవరున్నారు?”

“ఎవరుంటారు? నర్సులే.”

“నన్ను పిలవలేకపోయారా?”

“మీ మోకాళ్ళతో మెట్లన్నీ దిగాలి కదా.”

“ఏమైంది అసలు?”

“గుండె బాగా నీరసించిందట. మెట్లెక్కొద్దన్నారు.”

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళని కాదు. ఇక ఎక్కొద్దనే.”

“మరి ఇవాళెలా వచ్చారండీ!”

“అంతస్తుకోసారి కూర్చుంటూ వచ్చాను. వెల్డింగ్ మనిషి స్టాండ్లు బిగించి పోతాడు గానీ, ఎలా వాడాలో చెప్పడు కదా. ఇదొక్కటీ మీకు చూపించేస్తే, నేను రాకపోయినా మీ తోట ఆగదు.”

“ఎంత సుళువు చేశారండీ. ఎవ్వరూ రానక్కర్లేనంత సుళువు.”

“మీకు కష్టం కాకూడదని...”

“ఆ వెల్డింగ్ ఆయన్ని రేపు మళ్ళీ పిలవండి. ఇవన్నీ మీ గుమ్మం ముందుకి దింపిస్తాను.”

“మీరెలా దిగుతారమ్మా?”

“కూర్చుంటూ దిగుతాను. మీరెక్కలేదూ?”

“కానీ కింద ఎండ రాదు. పక్క అపార్ట్‌మెంటు నీడంతా మన మీదే. ఒక్క పువ్వు పుయ్యదు, ఒక్క కాయ కాయదు.”

“కాయకపోతే మానె. అక్కడ రెండు కుర్చీలు పడతాయా, పట్టవా? అది చెప్పండి.”