ఫ్రీవీలు బిగించింది నేనే

నా పేరు మేకల దానియేలు. తండ్రి యోహాను, కాలం చేశారు. వయస్సు యాభై ఆరు సంవత్సరాలు. వృత్తి సైకిల్ రిపేరు. వరంగల్ మట్టెవాడలో ముప్పై మూడేళ్ళుగా దుకాణం నడుపుతున్నాను. ఇల్లు దుకాణం వెనకే. 2024 ఆగస్టు 20, మంగళవారం, ఉదయం 11 గంటల 10 నిమిషాలకు మేజిస్ట్రేట్ మేడం గారి ఎదుట ఈ సంగతులు చెబుతున్నాను.

నేరం ఒప్పుకోవాలన్న నిర్బంధం ఏమీ లేదని, నేను చెప్పింది నాకే ఎదురు తిరగొచ్చని మేడం గారు రెండుసార్లు చెప్పారు. మొదటిసారే అర్థమైందన్నాను. ఇంకోసారి ఆలోచించుకోమని నన్ను అరగంట బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. పద్నాలుగు రోజులు ఆలోచించి వచ్చినవాణ్ణి, ఆ అరగంటలో కొత్తగా తట్టిందేమీ లేదు. కుర్చీ చూపించారు. నిలబడే చెబుతానన్నాను. నా పని అంతా గొంతుక్కూర్చునే పని, నిలబడితే నడుముకు సుఖం.

ఆగస్టు 8న నేను పోలీసులకు ఒక వాంగ్మూలం ఇచ్చాను. బ్రేకు లేకుండా తొక్కొద్దని శ్రావణికి చాలాసార్లు చెప్పానని, ఆమె వినలేదని అందులో ఉంది. అందులో అబద్ధం లేదు. కానీ చెప్పాల్సిన ముక్క చెప్పకుండా దాటేశాను. అది చెప్పడానికే వచ్చాను.

శ్రావణికి ఇరవై మూడేళ్ళు. వర్ధన్నపేట పిల్ల. హనుమకొండలో హాస్టల్లో ఉంటూ శివనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. జూన్ 3, సోమవారం, సాయంత్రం నాలుగింటికి ఒక పాత నల్ల సైకిల్ నడిపించుకుంటూ నా దుకాణానికి వచ్చింది. వాళ్ళ నాయన సారంగపాణి పొలానికి తిరిగిన సైకిల్ అది. ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, "కాకా, దీన్ని గిట్ల చేస్తవా?" అంది.

"గిదేం సైకిల్ బిడ్డా? మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, ఆఖరికి గంట సుత లేదు. ఈకలు పీకిన కోడి లెక్కున్నది" అన్నాను.

"నాకు గదే కావాలె" అంది.

మామూలు సైకిల్లో తొక్కడం ఆపితే పెడళ్ళు ఆగుతాయి, చక్రం మాత్రం తిరుగుతూ ఉంటుంది. టిక్ టిక్ అని చప్పుడు వస్తుంది. వెనక చక్రానికి ఉండే పళ్ళబిళ్ళ, అంటే ఫ్రీవీలు, చేసే పని అది. శ్రావణి అడిగిన సైకిల్లో ఆ చప్పుడు ఉండకూడదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాలి, ఆపాలంటే కాళ్ళతోనే పెడళ్ళను వెనక్కి నొక్కిపట్టాలి. దాన్ని ఫిక్స్ సైకిల్ అంటారట. మన దగ్గర దానికి ఫ్రీవీలును లోపల వెల్డింగు చేస్తారు. నేనూ అదే చేశాను.

జూన్ 22 దాకా పని పట్టింది. రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి నా పక్కన గొంతుక్కూర్చొని పాత పెయింటు గీకేది. అన్నీ విప్పాక పక్కన పాత ఇనుము కొనేవాళ్ళ కాటా మీద తూచాం. మొదట ఇరవై కిలోలున్నది పన్నెండున్నరకు వచ్చింది. పెసర పొట్టు రంగు వేశాం. హ్యాండిలు రెండు వైపులా మూడేసి వేళ్ళంత కోశాను. నా జీవితంలో పంక్చర్లు వేసినవి లెక్కలేదు గానీ, మనసు పెట్టి తయారు చేసిన సైకిల్ అదొక్కటే. ఇది కేసుకు అవసరం లేదని రాసే సారు అన్నారు. ఉండనివ్వమని నేను అడిగాను, మేడం గారు రాయమన్నారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాయండి. ఇలాంటి సైకిళ్ళకు అసలు వేరే హబ్బు, అంటే చక్రం నడిమి గొట్టం, ఉంటుంది. అందులో పళ్ళబిళ్ళ మీద ఇంకో రింగు ఉల్టా మరతో బిగుసుకుంటుంది. కాళ్ళతో వెనక్కి నొక్కినప్పుడు పళ్ళబిళ్ళ ఊడిరాకుండా ఆ రింగు పట్టుకుంటుంది. మన మామూలు హబ్బుకు ఆ రింగు పట్టదు. ముందుకు తొక్కితే ఫ్రీవీలు బిగుసుకుంటుంది, వెనక్కి నొక్కితే వదులవుతుంది. ఇది నాకు వెల్డింగు చేసిన రోజునే తెలుసు. ముందు చక్రానికి బ్రేకు పెడుతున్నాం కదా, కాళ్ళ మీద అంత బరువు పడదులే అనుకున్నాను. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి బిగించి వదిలేశాను. రింగు సంగతి శ్రావణికి చెప్పలేదు.

బ్రేకు గురించి మాకు మూడు వారాలు పంచాయితీ నడిచింది. ఆమె వద్దంటుంది, నేను ఉండాలంటాను.

"బ్రేకు ఉంటే చెయ్యి మీద భరోసా పెట్టుకొని పరధ్యానంగ పోతం కాకా. లేకుంటే ఇరవై గజాల ముందల్నే చూస్తం. ఆటో ఎటు మలుగుతాంది, బర్రె ఎటు వోతాంది, అన్ని ముందే మతికుంటయి."

"నువ్వు చూస్తవు బిడ్డా. నీకెదురుంగ వచ్చేటోడు చూస్తడా? వాని కండ్లు కూడ నీకే ఉన్నయా?"

"బ్రేకున్నోళ్ళు గుద్దుతలేరా?"

రోజూ గుద్దుతూనే ఉన్నారు. ఇప్పటికీ అనుకుంటాను, ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పు లేదు, నేను చెప్పిందాంట్లోనూ తప్పు లేదు.

జూలై 14, ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక పదిన్నరకు కాలేజీ గ్రౌండుకు పోయాం. సుద్దముక్కతో గీత గీసి, దూరం నుంచి వచ్చి బ్రేకు ముట్టకుండా గీత మీద ఆపి చూపించమన్నాను. పదిసార్లు వచ్చింది. పదిసార్లూ ఆపింది. ఆఖరిసారి వెనక చక్రం జర్రున జారి, గీత మీదే నిలబడింది. నాకు ఎంత సంబరం అయిందంటే, చప్పట్లు కొట్టాను. నా పని అంత బాగా పని చేయడం నేను ఎన్నడూ చూడలేదు. అక్కడికక్కడే పది నంబరు పానా తీసి బ్రేకు విప్పింది నేనే. ఆమె విప్పలేదు. వైరు చుట్టచుట్టి నా జేబులో వేసుకున్నాను.

బ్రేకు ఉంది కదా అని రింగు వదిలేశాను. ఆ బ్రేకును కూడా తీసేశాను. మధ్యలో మూడు వారాలే గడిచాయి. విప్పుతుంటే రింగు సంగతి మతికి రాలేదు. చదునైన గ్రౌండులో, మెల్లగా తొక్కినప్పుడు, ఆపిన ప్రతిసారీ మళ్ళీ ముందుకు తొక్కగానే ఫ్రీవీలు బిగుసుకునేది. ఆమె డ్యూటీకి పోయే దారిలోని అండర్ బ్రిడ్జి దిగుడులో అలా కాదు. అక్కడ పై నుంచి కింది దాకా ఆపుతూనే రావాలి.

ఆగస్టు 6, మంగళవారం, ఉదయం 8 గంటల 40 నిమిషాలకు శ్రావణి డ్యూటీకి పోతూ శివనగర్ అండర్ బ్రిడ్జి దిగింది. కింద మొక్కజొన్న కంకులు అమ్మే పూలమ్మ గంప దించుకోబోతోంది. సైకిల్ ఆమెకు తగిలింది. పూలమ్మకు తుంటి ఎముక విరిగింది. శ్రావణికి తల చిట్లి, సోయి తప్పింది. ఆటో నడిపే కుమారస్వామి ఇద్దరినీ దవాఖానలో దించి, తొమ్మిదీ ఇరవైకి సైకిల్ తెచ్చి నా దుకాణం ముందు పెట్టాడు. అతనికి ఆ సైకిల్ నేను తయారు చేసిందని తెలుసు.

"ఆ పోరి పెడళ్ళ మీద కాళ్ళు పెట్టుకొని బొమ్మ లెక్క కూసున్నదే. ఆపుదామన్న సోయే లేదు. తొక్కుతలేదు, ఆపుతలేదు, ఊకెనే వచ్చింది" అన్నాడు.

పోలీసులకు కూడా అతను అదే చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు. అతను చూసింది అదే.

అతను పోయాక నేను సైకిల్ దగ్గర కూర్చున్నాను. చైను వేలాడుతోంది. ఫ్రీవీలు హబ్బు మీద నుంచి నాలుగు మర చుట్లు బయటికి వచ్చి ఉంది. వేలు పెట్టి కదిపితే కదిలింది. నేను దాన్ని బిగించాను. మొదట చేత్తో తిప్పాను, తర్వాత పానాతో, తర్వాత సుత్తితో మూడు దెబ్బలు. చైను కూడా సరిచేశాను.

ఎందుకు బిగించావని మేడం గారు అడిగారు. కావాలని చేయలేదు. వదులుగా ఉన్నది చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ముప్పై మూడేళ్ళుగా అదే పని. మూడో దెబ్బ వేశాక నేనేం చేస్తున్నానో నాకు తెలిసింది. అప్పుడైనా మళ్ళీ వదులు చేయొచ్చు, లేదా ఎవరినైనా పిలవొచ్చు. చేయలేదు, పిలవలేదు. చేతులు తుడుచుకొని చాయ్ తాగాను. 11 గంటల 20 నిమిషాలకు పోలీసులు వచ్చి సైకిల్ తీసుకుపోయారు. వాళ్ళ ముందు చక్రం తిప్పితే పెడళ్ళు తిరిగాయి. పెడల్ పట్టుకుంటే చక్రం ఆగింది. ఏ లోపమూ లేదని రాసుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆగస్టు 11న, ఆదివారం, నేనూ నా భార్య సువార్తమ్మా దవాఖానకు పోయి పూలమ్మను చూశాం. సువార్తమ్మ ఆమె కోసం ప్రార్థన చేసింది. పూలమ్మ నన్ను చూసి, "తమ్మీ, ఆ పిల్లను ఏమనకుండ్రి" అంది.

"నీ బొక్క ఇరుగగొట్టింది గదనే అక్కా?"

"ఇరుగగొట్టింది. కోపం లేదంటనా? ఉన్నది. గని దాని పండ్లు చూసిన. పటపట కొరుకుతాంది. కాళ్ళు బిగవట్టింది, పిక్కలు గుండ్ల లెక్క లేసినయి. పెడళ్ళు నిలవడ్డయి తమ్మీ. సైకిలే ఆగలే."

అలాంటి సైకిల్లో చక్రం తిరుగుతుంటే పెడళ్ళు నిలబడవు. నిలబడ్డాయంటే ఫ్రీవీలు హబ్బు మీద తిరిగి బయటికి వచ్చినట్టు. కుమారస్వామి, పూలమ్మ, ఇద్దరూ చూసింది ఒకటే. దాని అర్థం వరంగల్ మొత్తంలో నాకొక్కడికే తెలుసు. అయినా ఇంటికి వచ్చి పడుకున్నాను. సువార్తమ్మ నా కంచం వైపు చూసి, "నోట్లె మాట ఇరుక్కున్నదా ఏంది? మింగితే మింగు, లేకుంటే కక్కు. గిట్ల బువ్వ మీద అలుగుడేంది?" అని తిట్టింది. ఆ రోజు ఆమెకు కూడా చెప్పలేదు.

ఆగస్టు 18, ఆదివారం, సాయంత్రం ఐదింటికి శ్రావణి దుకాణానికి వచ్చింది. తలకు కుట్లు, ఎడమ చెయ్యి పట్టీలో ఉంది. నిలబడే మాట్లాడింది.

"కాకా, ఇరవై రెండు తారీఖు కోర్టు ఉన్నది. నేను తప్పు ఒప్పుకుంటాన."

"ఏం తప్పు బిడ్డా?"

"నేను ఆపిన అనుకున్న కాకా. పానం పెట్టి నొక్కిన అనుకున్న. గని అందరు పెడళ్ళు నిలవడ్డయంటాండ్రు. ఫిక్స్ సైకిల్ల పెడల్ ఎట్ల నిలవడ్తది? నిలవడదు గద. సైకిల్ మంచిగనే ఉన్నదని పోలీసోళ్ళు తిప్పి చూపెట్టిండ్రు. అంటే వాళ్ళు తప్పు చూసిండ్రు, నేనే కాళ్ళు తీసిన్నేమో. భయానికి ఇడిచిపెట్టి, నొక్కిన నొక్కిన అని నాకు నేనే చెప్పుకుంటాన్నేమో. నా పానమే నాకు అబద్ధం చెప్పిందేమో కాకా."

ఇంకా అంది. ల్యాబులో ఇక ఒకరి చెయ్యి పట్టుకొని సూది గుచ్చాలంటే తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదట. పోలీసులు తిరిగి ఇచ్చాక ఆ సైకిల్‌ను పాత ఇనుము కాటాకు వేసెయ్యమంది. నా మీద ఒక్క మాట అనలేదు. బ్రేకు విప్పింది నేనని కూడా ఎవరికీ చెప్పలేదట. "నీకెందుకు కాకా ఈ ఫికర్" అంది.

నేను ఆమెకు చెప్పలేదు. పెద్దమనిషినని, ఊళ్ళో పేరున్న మేస్త్రీనని నాకు సిగ్గయింది. పోలీసులకు సగం చెప్పినప్పుడు రాని సిగ్గు ఆమె ముందు నిలబడితే వచ్చింది. ఆమె పోయాక సువార్తమ్మకు అంతా చెప్పాను. ఆమె ఏడ్చింది. తర్వాత లేచి నా తెల్ల చొక్కా ఉతికింది.

నువ్వు బిగించావనడానికి రుజువు ఏమిటని మేడం గారు అడిగారు. ఆ ఫ్రీవీలును విప్పించండి. నాతో కాదు, నర్సంపేట నుంచో ఎక్కడి నుంచో నన్ను ఎరగని మెకానిక్కును పిలిపించండి. లోపలి వైపు మరలు మంచిగా ఉంటాయి, బయటి వైపు నాలుగు మరలు నలిగి, తళతళా మెరుస్తుంటాయి. ఫ్రీవీలు ఊడకుండా వాడిన సైకిల్లో అలా ఉండదు. పళ్ళబిళ్ళ అంచున మూడు సుత్తి దెబ్బల గుర్తులు కొత్తవి ఉంటాయి. అవి నావి.

సాక్ష్యాన్ని మార్చినందుకు, పోలీసులకు దాచినందుకు నా మీద కేసు అవుతుందని మేడం గారు చెప్పారు. కానివ్వండి అన్నాను. శ్రావణిది అసలు తప్పు లేదని నేను అనడం లేదు. బ్రేకు లేకుండా దిగుడు దిగింది, అది ఆమె ఎంచుకుంది. దానికి ఆమె జవాబు ఆమె చెప్పుకుంటుంది. కాళ్ళు తీసిందన్న మాట మాత్రం తప్పు. దాన్ని ఆమె మీద వేసిన సుత్తి నాది.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగారు. ఒకటి ఉంది. ఇరవై రెండో తేదీ కంటే ముందు ఈ కాగితం ఆమెకు చదివి వినిపించండి. అంతా కాకపోయినా ఈ ఒక్క ముక్క చదవండి. బిడ్డా, నువ్వు కాళ్ళు తియ్యలేదు. ఆఖరి దాకా నొక్కే ఉన్నవు.

పైన రాసిందంతా రాసిన సారు నాకు గట్టిగా చదివి వినిపించారు. రెండు చోట్ల ఆపి, నేను అన్నది అన్నట్టే రాయించుకున్నాను. నన్ను ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశ చూపలేదు. ఇది నా నోటితో చెప్పిన నిజం. ఆగస్టు 8న నేను చెప్పకుండా వదిలేసింది ఇదే.

(సంతకం)
మేకల దానియేలు