అగ్గువ పైపు

బొగ్గు బాయిలో పనిచేసే భర్త, సరదాకి కత్తులు సాగగొట్టుకోవడానికి కొన్న చిన్న గ్యాస్ కొలిమిని ములకలపల్లిలోని ఇంటి వెనక పెరట్లో బిగించాడు. వెలిగించబోతుంటే భార్య అడ్డం వచ్చింది.

"జరుగు, పొద్దటి సంది ఎదురు చూస్తున్న."

"కొలిమి సరే, ఈ పైపు ఏడిది?"

"మందు కొట్టే పంపుది. గ్యాస్ పైపు పిరం, ఇది ఊకెనే పడున్నది."

"పురుగుల మందు పైపుల గ్యాస్ పంపుతవా?"

"బిర్రుగనే కట్టిన, చూస్కో."

"సిలిండర్ వాల్వు జర తిప్పు, పైపుకు సబ్బు నురుగు రాస్త. చూడు, బుడగలు! బంద్ చెయ్, బంద్ చెయ్."

"బంద్ చేసిన తియ్. రెండు బుడగలకే గింత లొల్లా? జల్దీ ముట్టిచ్చి ఆర్పేస్త."

"గింత గ్యాస్ లేస్తే బాయిల ఉంటవా?"

"బాయి ముచ్చట వేరే."

"దిగేముందు ఏం చేస్తరు మిమ్మల్ని?"

"జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టె గుంజుకుంటరు."

"అయితే చేతులెత్తు."

"ఏందే, ఇంట్ల గూడ తలాషీనా?"

"నోరు అడుగుతనే ఉన్నది, చేతులు మాత్రం అలవాటుకు లేచినయ్! ఇగో, దొరికింది అగ్గిపెట్టె. గ్యాస్ దుకాణంల అసలు పైపు కొనుక్కరా, అప్పుడిస్త."

"దుకాణం మూస్తరేమో, పోతున్న. చేతులు దించొచ్చా?"

"ఆగు, ఆ జేబు గూడ చూడనీ."