మూడొందల గలీబులు

"బిల్లు ఎక్కడికెళ్లి వస్తది తమ్మీ? గవి మేం కొన్నయి కావు, కుట్టినయి. సూది, దారం, చెయ్యి. చెయ్యికి బిల్లుంటదా?"

"మీ ఆందోళన నాకు అర్థమైంది మేడం."

"అర్థమైతే మళ్ల గదే ఎందుకు అడుగుతున్నవ్?"

మహబూబాబాద్ దగ్గరి తండాలో గోరీ ఇంటి అరుగు మీద, మధ్యాహ్నం. కహ్కషాన్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచింది. పొద్దుటి నుంచి ఇది నాలుగో ఫోన్. అవతల మాట్లాడుతున్నది ఆన్‌లైన్ కంపెనీ సహాయ కేంద్రం కుర్రాడు వివేక్. తండా ఆడవాళ్ల అద్దాల దిండు గలీబులను ఆ కంపెనీ ద్వారా అమ్మేది కహ్కషాన్. కుట్టించేది ఎదురుగా కూర్చున్న గోరీ.

"మేడం, మీరు మా గోదాముకు పంపిన మూడు వందల కవర్లు హోల్డ్‌లో ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయో ఈ రోజు సాయంత్రం ఆరు లోపు ఆధారం చూపించాలి. లేకపోతే నిబంధన ప్రకారం డిస్పోజ్ చేస్తారు."

"డిస్పోజ్ అంటే?"

"అంటే... ఇక తిరిగి రావు మేడం."

"కాలవెడ్తరా, చింపుతరా? తెలుగుల చెప్పు."

"ఆ వివరం నా దగ్గర లేదు మేడం."

"ఏమంటుండు బిడ్డా?"

"ఆరింటికి మన గలీబులు నాశనం చేస్తరంట గోరక్క. మూడొందలూ."

"అన్నీనా?"

"అన్నీ. దాంతోని నా దుకాణం బంద్. మళ్ల తెరవనియ్యరు. మూడేండ్ల సంది ఒక్కొక్క గలీబు మీద స్టిక్కర్, సంచి మీద స్టిక్కర్, డబ్బ మీద స్టిక్కర్. మా ఆయన సత్తార్‌కు డబ్బలు మోసి మోసి నడుం వట్టుకున్నది. పోయినసారి గోదాం గేటు కాడ నంబర్ రాలేదని బండిని రెండు దినాలు ఎండల నిలవెట్టిండ్రు. నోరు మూసుకున్నం. ఇగ మూసుకోను. తమ్మీ, ఉన్నవా?"

"ఉన్నాను మేడం."

"అసలు మీకు అనుమానం ఎందుకొచ్చింది?"

"మీరు 'చేతి పని' అని పెట్టారు. తనిఖీలో మూడు వందలూ ఒకే కొలతలో ఉన్నాయి. కుట్టు కూడా ఒకేలా ఉంది. అందుకని..."

"ఆగు. ఆగు ఆగు. దసరా ముందల అరవై పంపితే ఏమన్నరు? ఒకటి అర ఇంచు ఎక్కువున్నది, ఒకటి తక్కువున్నది, అద్దం పక్కకు వోయింది అని ఇరవై రెండు వాపస్ తోలిండ్రు. తోలిండ్రా, లేదా?"

"రికార్డులో ఉంది మేడం."

"తేడా ఉంటే తప్పంటిరి. తేడా లేకుంట కుట్టిస్తే అదీ తప్పంటిరి. మనిషి చెయ్యి ఎంత వణకాల్నో కొలత రాసి పంపుండ్రి, గంతే వణికిస్తం."

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాను మేడం."

"చేసుకో. పెద్దక్షరాలల్ల చేసుకో."

"పోనియ్ బిడ్డా. వాపస్ పంపుమను. తెచ్చుకుందాం."

"ఆధారం లేని సరుకు వాపస్ గూడ ఇయ్యరంట గోరక్క. మన సరుకు మనకియ్యనీకె మనమే సాక్ష్యం తేవాల్నంట."

"మేడం, ఇంకో మార్గం ఉంది."

"ఏంది?"

"బిల్లు లేకపోతే, కుట్టే వ్యక్తి వీడియో కాల్‌లో పది నిమిషాలు అదే డిజైన్ కుట్టి చూపించవచ్చు. మా తనిఖీ టీం అక్కడికక్కడే సరుకు వదిలేస్తుంది."

"గంతేనా? గీ ముచ్చట పొద్దుగాల చెప్తే నీదేం పోయింది?"

"మీరు అడగలేదు మేడం."

"అడగలేదా! ఇగో, కుట్టెటామె నా ముంగటనే కూసున్నది. చెయ్యి వీడియో."

"ఐదు నిమిషాల్లో టీంతో పాటు నేనే చేస్తాను. ఇంకేమైనా సహాయం కావాలా మేడం?"

"నువ్వు చేసిందే సాలు. పెట్టెయ్."

ఫోన్ ఆగింది. కహ్కషాన్‌కు పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరాడింది.

"సూది తియ్యి గోరక్క. బతికినం."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? ఆరు దాటినంకనా?"

"ఇయ్యాల శనివారం. శనివారం సూది వట్టం."

"పోయిన శనివారం నేనొచ్చినప్పుడు నీ చేతుల ఉన్నదేంది? రవిక కాదా?"

"అది చినిగితే కుట్టిన. గది వేరు."

"తియ్యి అక్కా."

"అద్దాలు అయిపోయినయి."

"నా సంచిల ఉన్నయి. ఇగో."

"కండ్లు మసక మసక..."

"ఇందాక నేనింక మలుపు కాడ ఉంటెనే, నా కొత్త చెప్పులు చూసి ఎంతకు కొన్నవని అడిగినవ్. ఏమైంది నీకు? ఫోన్ల కనవడాలంటే సిగ్గా? సరే, తుల్సీబాయిని పిలువు. ఆమె కుడుతది."

"మిరపకాయ ఏరనీకె పోయింది."

"సేవ్యా పెండ్లాం?"

"ఆమె గూడ."

"అందరు పోయిండ్రా?"

"పోయిండ్రు."

"ఎన్ని దినాల సంది పోతుండ్రు? గలీబులు అయ్యేదాంక చేన్లకు పోవద్దని చెప్పిన గద నేను?"

"అరవై గలీబులకు మాకు ఎన్నొద్దులు వట్టింది బిడ్డా?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పు జర."

"రెండు నెలలు."

"మూడొందలకు ఎన్నొద్దులిచ్చినవ్?"

"నేనియ్యలే. గోదాం ఇచ్చింది. ఇరవై దినాలల్ల మూడొందలు చేరకుంటే నా సరుకు ఎనక పేజీలకు తోస్తమన్నరు. ఎనకకు వోతే ఎవ్వలకు కానరాదు. నేనేం చెయ్యాలె?"

"గోదాం మా తండాకు రాలే బిడ్డా. నువ్వొచ్చినవ్."

"వచ్చిన. అడిగిన. నువ్వు అయితదన్నవ్."

"ముందుగాల కాదన్న. కాదంటే ఏమన్నవ్?"

"ఏమన్న?"

"యాది లేదా?"

"నాకు పరేషాన్‌ల ఏం యాది ఉంటది గోరక్క!"

"మీతోని కాకుంటే చెప్పుండ్రి, భూపాలపల్లి దిక్కు ఘనపూర్ కాడి తండోళ్లకిస్త అన్నవ్."

"కోపంల అన్న."

"కోపంల అన్నవో, ఉత్తగ అన్నవో. పదకొండు మంది ఆడోళ్లం నీ నోటి దిక్కే చూస్తున్నం ఆ పొద్దు. మా చేతుల ఉన్న పని గదొక్కటే."

"తప్పు నాదే, సరేనా? కాని కుట్టిండ్రు గద! ఒక్క దారం వోగు లేసింది లేదు. నేనే ఇల్లిల్లు తిరిగి చెప్పిన, ఎంత సాపుగ కుట్టిండ్రక్కా అని."

"చెప్పినవ్. ఇల్లిల్లు తిరిగినవ్. ఒక్కలన్న తలకాయ లేపిండ్రా?"

"సిగ్గువడ్డరనుకున్న."

"సిగ్గే బిడ్డా."

"ఇగో, నాకు గియన్ని వద్దు ఇప్పుడు. పది నిమిషాలు. ఒక్క పువ్వు కుట్టు. నీ చెయ్యి చూస్తే వాళ్ల నోరు మూతవడ్తది."

"బిడ్డా, నా చెయ్యి చూస్తే..."

"చూస్తే ఏంది?"

"నువ్వు ఇంటికి వో. ఆ గలీబుల ముచ్చట ఇడిసెయ్. మళ్ల కుడుతం. అరవై కుడుతం, మంచిగ."

"ఇడిసెయ్యాల్నా! మూడొందలు ఇడిసెయ్యాల్నా? మీ చెమట కాదా అది? ఎవడో ఏసీ రూముల కూసొని, మీరు కుట్టింది మీరు కుట్టలే అంటే ఊకుంటవా? నేను ఊకోను గోరక్క. ఇయ్యాల ఈళ్ల సంగతి... అగో, మోగుతుంది."

"ఎత్తకు."

"ఎందుకెత్తద్దు?"

"నా మాట ఇను. ఎత్తకు బిడ్డా, జర..."

"చెయ్యి తియ్యి అక్కా! ఆ తమ్మీ, చెప్పు. కనవడుతున్ననా?"

"కనిపిస్తున్నారు మేడం. తనిఖీ టీం కూడా లైన్లో ఉంది. ఈ కాల్ రికార్డ్ అవుతుంది. కుట్టేవారి ముఖం, చేతులు రెండూ కనిపించాలి."

"కనవడ్తయి. మంచిగ రికార్డ్ చేసుకోండ్రి. ఈమె పేరు గోరీ. నలభై ఏండ్ల సంది సూది వట్టిన చెయ్యి ఇది. నువ్వు బిల్లు అడిగినవ్ గద, ఈ చెయ్యికి బిల్లు రాసెటోడు ఇంక పుట్టలే. మూడొందలకు మూడొందలు ఈ అరుగు మీద, ఈ తండాల కుట్టినయి. జిమ్మేదారి నాది. రేపు ఒక్కటన్న అబద్ధమని తేలితే నా పేరు మీ దాంట్లకెళ్లి కొట్టెయ్యుండ్రి. అన్నది రాసుకున్నరా?"

"రికార్డ్ అయింది మేడం. గోరీ గారూ, ఇక మీరు మొదలుపెట్టండి."

"అక్కా, ఇగో సూది. అందుకో."

"గోరీ గారూ? వినిపిస్తోందా?"

"ఇనవడుతుంది అయ్యా. సూది వద్దు... నువ్వడిగిన బిల్లు నా తాన ఉన్నది. మూడొందలూ కొంటే పట్నం దుకాణపోడు రాసిచ్చిండు."