ఈ బోర్డు నాది కాదు

"తలుపెందుకు వేశావే? ఇంకాసేపట్లో నిన్ను స్టేజీ మీదికి పిలుస్తారు."

"పిలవనీ అత్తా. ముందు ఇది చూడు."

బడి హాలు పక్కన సామాన్ల గది అది. హాల్లో ఆడపిల్లల వర్క్‌షాపు చివరి రోజు, మైకు గోల చెవులు పగలగొడుతోంది. గదిలో ఉన్నది ఇద్దరే. ఇంటిల్లిపాదీ గడుగ్గాయ్ అని పిలిచే పద్నాలుగేళ్ల పిల్ల, ఆ వర్క్‌షాపు నడిపిన మేనత్త. రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే షాపు ఆవిడది. ఆవిడ మాటంటే ఆ పిల్లకి వేదం.

"చూశాను. ట్యాంకు నిండితే కూతపెట్టే నీ యంత్రం. నేనే ఏంటి, హాలంతా చూసింది."

"నాది కాదు."

"ఏంటీ?"

"ఈ బోర్డు నాది కాదు అత్తా. పెట్టె నాది. బజర్ నాది. లోపల సర్క్యూట్ బోర్డు నాది కాదు."

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, కళ్లు తిరుగుతున్నాయేమో నీకు."

"ఆ జడ్జి మేడమ్ పెట్టె తెరిచి, 'ఎంత పొందిగ్గా అతికావమ్మా' అంది. నాకు నవ్వొచ్చింది. నేనేంటి, పొందిగ్గా అతకడమేంటి! ఆవిడ వెళ్లాక తిప్పి చూశాను. ఒక్క గడ్డ లేదు. నా అతుకులు పేలాల్లా ఉబ్బుంటాయి, నీకు తెలీదూ?"

"నేనే కాస్త తుడిచాన్లే."

"తుడిస్తే కాలిన మచ్చ పోతుందా? సోల్డరింగ్ కడ్డీ జారి ఓ మూల మాడ్చాను కదా. నా వేలూ కాలింది. వేలి మీద మచ్చ ఉంది, బోర్డు మీద లేదు."

"నెమ్మదిగా మాట్లాడు. బయటికి వినిపిస్తుంది."

"నా మొహం చూసి చెప్పు అత్తా."

"మోగలేదే."

"ఏది?"

"నీదే. నిన్న నువ్వెళ్లాక చూశాను. ఉలుకూ పలుకూ లేదు. నేనేం చెయ్యను చెప్పు? అందరి ముందూ మోగకపోతే నీ పరువేం కావాలి? మీ నాన్న సంగతి తెలుసుగా. 'అది మోగి ఎంపికైతేనే పెద్ద ల్యాబులో నేర్చుకోవడానికి పంపుతా, లేదంటే మళ్లీ ఆ ఊసెత్తకూడదు' అన్నాడు. అందుకే నేనొకటి చేసి పెట్టాను. తప్పా?"

"మొన్న మోగిందిగా!"

"మొన్న మోగింది, నిన్న మోగలేదు. వస్తువన్నాక అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు? వైరు ఊడిందో, సెల్లు అయిపోయిందో, నేనే చూసుకునేదాన్నిగా. మొదటిరోజు అందర్నీ కూర్చోబెట్టి ఏమన్నావు? 'చెడిపోతే ఏడవకండి, విప్పి చూడండి' అన్నావా లేదా?"

"టైము లేదు తల్లీ."

"నీ షాపుకొచ్చే ప్రతి డొక్కు రేడియోకీ టైముంటుంది. నాకే లేదు."

"ఒసేయ్ గడుగ్గాయ్! లోపలేం చేస్తున్నారే? చెల్లాయ్, దాన్ని పంపు!"

"వస్తోంది అన్నయ్యా! జడ సర్దుతున్నా!"

"జడకేంలే, పంపు! పక్కాయన అడిగాడు, మీ అమ్మాయా అని. మా అమ్మాయే అన్నాను. ఇంకో ఇద్దరు అడక్కపోయినా చెప్పాను!"

"విన్నావా? పుట్టి బుద్ధెరిగాక మీ నాన్న నోట ఆ మాట విన్నావా నువ్వు?"

"విన్నాను. నీ బోర్డు చూసి అన్న మాట అది. నన్ను చూసి కాదు."

"బోర్డు ఎవరిదైతేనేం..."

"ఎవరిదైతేనేమా! ఆ ల్యాబుకి పంపేది ఒక్కదాన్నే. ముందు వరసలో కళ్లజోడు పిల్ల ఉంది చూడు, దానికి రావాల్సింది నాకొచ్చిందేమో! రేపు అక్కడికెళ్లి నేనేం చెయ్యను? నాకు చేతకాదనుకున్నావు కదా. ఎవరనుకున్నా సరేలే అనుకునేదాన్ని. నువ్వు కూడానా అత్తా?"

"అలా కాదే, నీ మంచికే..."

"నాది ఎక్కడ?"

"పారేశాను."

"నువ్వా? వంగిన మేకు కూడా పారెయ్యవు నువ్వు. ఆ సంచి ఇలా ఇవ్వు."

"వద్దు, దాన్లో షాపు సామాను... లాక్కోకే!"

"ఇదిగో. మాడిన మూల ఇదిగో. గుడ్డలో చుట్టి మరీ దాచావే!"

"పెట్టెయ్. ఇంటికెళ్లాక ఇద్దరం కూర్చుని తీరిగ్గా చూద్దాం."

"ఇప్పుడే చూస్తా. సెల్లూ బజరూ నీ బోర్డు నుంచి తీసి దీనికి కలుపుతా. ఆ నీళ్ల గ్లాసు ఇటు జరుపు."

"వద్దన్నానా!"

"ఎందుకు వద్దు? ఎలాగూ మోగదుగా. మోగకపోతే బయటికెళ్లి నేనే చెప్తాను, నాది చెడిపోయింది, మా అత్త మార్చిందని. సిగ్గేం లేదు. ఆ తర్వాత విప్పి చూసుకుంటా. ఇదిగో, వైర్లు నీళ్లలో పెడుతున్నా."

"ఆగవే, నా మాట విను..."

"చెల్లాయ్, ఏంటా కూత? మళ్లీ మోగిస్తున్నారా? భలే మోగుతోందే! ఒసేయ్, ఇక చాలు, బయటికి రా!"

"అత్తా."

"ఆపు దాన్ని."

"అత్తా, మోగుతోంది. నేనేం బాగుచెయ్యలేదు. ముంచగానే మోగింది."

"ఆపమన్నానా!"

"ఆపాను. నిన్న తొందరలో చూసుంటావు కదూ? సెల్లు సరిగ్గా ఆనుండదు. అందుకే మోగలేదనుకున్నావు. నీ కంటికి కూడా ఒక్కోసారి తప్పిపోతుంది కదా. అంతేగా? అంతే అను అత్తా, నేనేమీ అనుకోను. ఇప్పుడే బయటికొచ్చేస్తా."

"మోగుతుందని తెలుసు తల్లీ. మోగించి చూశాకే తీసి దాచాను. కానీ ఆ గడ్డలూ, ఆ మాడిన మూలా... చూస్తే ఆడపిల్ల చేసిన పనిలా లేదే అది."